మొదటిసారి ఓటీ (ఆపరేషన్ థియేటర్) లోకి వెళ్లే మెడికల్ విద్యార్థి ముందుగా ఏం నేర్చుకోవాలి?

బరంపురంలో ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతున్న మీ అమ్మాయికి సర్జరీ పోస్టింగ్ (ఆ విభాగంలో పని నేర్చుకునే వంతు) మొదలవుతోందని, ఓటీ అంటేనే టెన్షన్ పడుతోందని రాశారు. నేనూ బరంపురంలోనే చదివాను, ఇప్పుడు పర్లాకిమిడిలో సర్జన్‌గా పనిచేస్తున్నాను.

ఓటీ చదువు ముందురోజు సాయంత్రం వార్డులోనే మొదలవ్వాలి. మర్నాడు ఆపరేషన్ ఉన్న ఒక్క పేషెంటుతో కాసేపు మాట్లాడమనండి. ఇచ్ఛాపురం వైపు వాళ్లయితే తెలుగులోనే చెబుతారు, మిగతావాళ్లతో ఒడియా. కొండల నుంచి వచ్చిన సవరలైతే తోడు వచ్చినవాళ్ల సాయం కావాలి. గజ్జల్లో హెర్నియా (పొట్ట గోడ బలహీనమైన చోట లోపలిది సంచిలా బయటికి పొడుచుకు రావడం) అనుకోండి: వాపు ఎన్నాళ్ల నుంచి ఉంది, పడుకుంటే లోపలికి పోతోందా అని అడగాలి. రాత్రికి ఆ భాగం అనాటమీ ఇంకోసారి తిరగేసి, ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లాలి. పొత్తికడుపు గోడలో ఉండే ఇన్ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ రక్తనాళాలకు హెర్నియా సంచి బయటివైపు ఉందా, లోపలివైపు ఉందా? బయటివైపైతే ఇన్‌డైరెక్ట్ హెర్నియా, లోపలివైపైతే డైరెక్ట్ హెర్నియా. ఏం వెతకాలో తెలియకుండా నిలబడితే సర్జన్ వీపు, ఆకుపచ్చ గుడ్డలు తప్ప ఏమీ కనబడవు.

లోపలికి వెళ్లగానే స్క్రబ్ సిస్టర్‌కి (సర్జన్‌కు పరికరాలు అందించే నర్సు) తన పేరు, ఏ ఏడాదో చెప్పి, ఎక్కడ నిలబడాలో అడగాలి. స్టెరైల్ పద్ధతి (క్రిములు చేరకుండా చూసుకోవడం) నాకు బాగా నేర్పింది సిస్టర్లే. చేతులు కడిగాక మోచేతుల కన్నా పైకి ఉంచాలి, నీళ్లు వేళ్ల నుంచి మోచేతి వైపు జారాలి. గ్లౌజు దేనికైనా తగిలిందని అనుమానం వచ్చినా సరే, వెంటనే చెప్పేయాలి. మార్చుకోవడానికి నిమిషం పట్టదు, ఇన్ఫెక్షన్ వస్తే పడేది పేషెంటు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్టు కూడా చదివి వెళ్లమనండి. మత్తుకు ముందు, కోతకు ముందు, పేషెంటును బయటికి పంపే ముందు ఏమేం సరిచూస్తారో అందులో ఉంటుంది. కోతకు ముందు అందరూ పేరు, పని చెప్పుకోవాలని కూడా ఉంది. విద్యార్థి గొంతు విప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు.

టిఫిన్ తినకుండా వెళ్లొద్దు. కళ్లు తిరిగేలా ఉంటే టేబుల్ దగ్గర నుంచి వెనక్కి జరిగి నేల మీద కూర్చోవాలి, అందులో నామోషీ ఏమీ లేదు.

2019లో వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యక్రమం మొదటి ఏడాదిలోనే విద్యార్థులను పేషెంట్ల దగ్గరికి తీసుకెళ్లమంది. అప్పుడే ఒక మధ్యాహ్నం ఖాళీ ఓటీలో గౌను, గ్లౌజులు వేసుకోవడం నేర్పితే ఈ భయంలో చాలా భాగం ఉండదు. ఇప్పటికైనా మించిపోలేదు. పోస్టింగ్ మొదలయ్యేలోపు అలాంటి అవకాశం ఇవ్వమని తన యూనిట్ ప్రొఫెసర్‌ని అడగమనండి, వీలైతే నలుగురు స్నేహితులను కూడా వెంటబెట్టుకుని.