బతికి తిరిగొచ్చిన సైనికుడి మీద సినిమా తీయడం కష్టం

నిజంగా జీవించిన ఒక సైనికుడి సాహసం ఆధారంగా వచ్చిన పాత యుద్ధ చిత్రాలలో మీకు అన్నిటికంటే నచ్చినది ఏది, అందులో నిజం పాలు ఎంత అని మీరు అడిగారు. నా జవాబు రెండో ప్రపంచ యుద్ధం మీద 1955లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘టు హెల్ అండ్ బ్యాక్’. నిజం పాలు ఎంత అన్న లెక్క మీద మాత్రం నాకు పెద్ద ఆసక్తి లేదు. కథ ఎవరిదో ఆ మనిషి బతికి ఉండి ఆ సినిమా చూడగలిగాడా లేదా అన్నదే నేను పెట్టుకున్న కొలత. చూసి తప్పుపట్టే మనిషి ఉన్నాడంటేనే తీసేవాళ్లు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటారని నా గట్టి నమ్మకం. ఈ సినిమాలో అయితే ఆ మనిషి తన వేషం తానే వేశాడు.

ఆ మనిషి పేరు ఆడీ మర్ఫీ. అమెరికాలోని టెక్సాస్‌లో కౌలు సేద్యం చేసుకునే పేద కుటుంబంలో పుట్టిన బక్కపలచని కుర్రవాడు. బరువు చాలదని మెరైన్లూ, పారాట్రూపర్లూ తిప్పి పంపితే చివరికి పదాతి దళంలో చేరాడు. 1945 జనవరి 26న, అంటే అయిదేళ్ల తర్వాత మనకు గణతంత్ర దినమైన తేదీనే, ఫ్రాన్సులోని హోల్ట్స్‌విర్ గ్రామం దగ్గర ఆరు జర్మన్ ట్యాంకులు, వాటితోపాటు అలలు అలలుగా పదాతి సైనికులు వచ్చి మీద పడ్డారు. అప్పుడు మర్ఫీ తన మనుషులను వెనక ఉన్న అడవిలోకి పంపేసి, తాను మాత్రం అక్కడే నిలబడి టెలిఫోనులో ఫిరంగి దళానికి గురి చెబుతూ, నిప్పంటుకుని ఏ క్షణాన పేలుతుందో తెలియని ట్యాంక్ డిస్ట్రాయర్ (శత్రు ట్యాంకులను కొట్టే ఫిరంగి బండి) మీదికెక్కి, దాని మెషీన్‌గన్‌తో దాదాపు గంటసేపు వాళ్లను ఆపాడు. కాలికి గాయమైనా దిగలేదు. అప్పటికి అతని వయసు 19 ఏళ్లు. సినిమాలో ఆ బండికి బదులు షెర్మన్ ట్యాంకు కనిపిస్తుంది. అలాంటి తేడాలు పట్టుకుని మురిసిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు గనుక ఆ పని వాళ్లకే వదిలేస్తున్నాను.

ఈ సినిమాను నేను గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో, 2006 జనవరి 26న, మా చిన్న మామయ్యతో కలిసి చూశాను. మామయ్య తెనాలి దగ్గర పల్లె నుంచి 1965లో సైన్యంలో చేరి, 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు సరుకు లారీ నడిపినవారు. పతకాలు తెచ్చుకున్న మనిషి కాదు. ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి ఎంత తగ్గించాలో, మళ్లీ గట్టి నేల రాగానే ఎంత ఎక్కించాలో అడిగితే మాత్రం గంటసేపు చెప్పగలరు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా స్కూటరును ముఖం వీధివైపు ఉండేలా తిప్పి పెట్టిగాని లోపలికి రారు. కంటి పరీక్ష కోసం గుంటూరు వచ్చిన ఆయనతో ఢిల్లీ పరేడు చూశాక, తేదీ కలిసివచ్చిందన్న ఉత్సాహంతో నేనే ఆ డిస్కు పెట్టాను. పెట్టె మీద సబ్‌టైటిళ్లు ఉన్నాయని పెద్ద అక్షరాలతో రాశారుగానీ లోపల ఒక్కటీ లేదు. మామయ్యకు ఇంగ్లీషు రాదు. అందువల్ల పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతూ పోయాను.

సినిమా మధ్యలో మర్ఫీ ప్రాణస్నేహితుడు చనిపోతాడు. నిజ జీవితంలో ఇది 1944 ఆగస్టు 15న దక్షిణ ఫ్రాన్సులో జరిగింది. శత్రువు తెల్లగుడ్డ ఊపితే లొంగిపోతున్నాడని నమ్మి ఆ స్నేహితుడు లేచి నిలబడ్డాడు, కాల్చేశారు. ఆ తర్వాత మర్ఫీ ఒంటరిగా వెళ్లి ఆ మెషీన్‌గన్ స్థావరాన్ని నాశనం చేశాడు. సినిమాలో స్నేహితుడి పేరు మార్చారు. ఆ దృశ్యం నడుస్తుండగా మామయ్య నన్నొక ప్రశ్న అడిగారు.

“ఈ కుర్రాడెవడ్రా, బాగా చేస్తున్నాడు?”

“నటుడు కాదు మామయ్యా, ఆ సైనికుడే ఈయన. తన కథలో తానే చేశాడు.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఆ స్నేహితుడు పోవటం కూడా అతని చేత మళ్లీ చేయించారా?” అని అడిగి, డిస్కు ఆపమన్నారు.

అంతవరకు నేను ఆ సినిమాను ఒక రికార్డుగానే చూస్తూ వచ్చాను. దాన్ని తీసిన యూనివర్సల్ సంస్థకు అది అప్పట్లో భారీగా వసూళ్లు తెచ్చిన సినిమా అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. తన వేషం వేయడానికి మర్ఫీ మొదట ఒప్పుకోలేదన్న సంగతి కూడా చదివాను. చదివినప్పుడు అది అణకువ అనుకున్నాను. మామయ్య అడిగిన తర్వాత అది అణకువ కాదేమోనని మొదటిసారి అనిపించింది.

ఇక్కడ మన సినిమాల మీద నాకున్న కోపం కూడా చెప్పాలి. 1997లో లాంగేవాలా పోరు మీద తీసిన హిందీ సినిమా ‘బోర్డర్’ విడుదలైనప్పుడు గుంటూరులో మేమంతా మామయ్యను వెంటబెట్టుకుని వెళ్లాం. 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్ సరిహద్దులోని లాంగేవాలాలో మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి, సుమారు 120 మంది జవాన్లు ట్యాంకులతో వచ్చిన పాకిస్తాన్ సైన్యాన్ని తెల్లవారేదాకా ఆపగా, పొద్దున జైసల్మేర్ నుంచి మన వైమానిక దళం హంటర్ యుద్ధ విమానాలు వచ్చి ఆ ట్యాంకులను చిత్తు చేశాయి. నిజంగా ఆ పోరులో మన వైపు మరణించినవారు ఇద్దరు. సినిమాలో వరుసగా చనిపోతూనే ఉంటారు. సరిహద్దు భద్రతా దళానికి చెందిన భైరోన్ సింగ్ పాత్ర కూడా వీరమరణం పొందుతుంది. అసలు భైరోన్ సింగ్ ఆ యుద్ధం నుంచి క్షేమంగా తిరిగొచ్చి, సేనా పతకం అందుకుని, సినిమా విడుదలయ్యాక కూడా పాతికేళ్లు జీవించి, 2022 డిసెంబరులో జోధ్‌పూర్‌లో కన్నుమూశారు. బతికున్న మనిషిని తెర మీద చంపి చప్పట్లు కొట్టించుకోవడం నాకు ఈనాటికీ మింగుడుపడదు. ఆ రోజు హాలంతా ఈలలు వేస్తుంటే మామయ్య అన్న మాట ఒక్కటే: “బతికొస్తే కథ అవదా ఏంది?”

పాతకాలం వాళ్లకు ఈ విషయంలో కాస్త సిగ్గు ఉండేదని నేనంటాను. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 అక్టోబరు 8న, ఫ్రాన్సులోని ఆర్గాన్ అడవుల్లో 132 మందిని బందీలుగా పట్టి తెచ్చిన టెన్నెసీ రైతు ఆల్విన్ యార్క్ తన కథను సినిమాగా తీస్తామని వచ్చినవారిని ఏళ్ల తరబడి వెనక్కి పంపాడు. చివరికి ఒప్పుకున్నది కూడా హాలీవుడ్ నటుడు గ్యారీ కూపర్ తన వేషం వేస్తేనే, వచ్చే డబ్బు తాను కట్టదలచిన బైబిలు బడికి పనికొస్తుందనే. 1941లో వచ్చిన ‘సార్జెంట్ యార్క్’ కూపర్‌కు ఆస్కార్ తెచ్చింది. యార్క్‌కు మాత్రం ఆ డబ్బు మీద పన్ను తగాదా తెచ్చిపెట్టింది. అది 1961లోగాని తెగలేదు, మరో మూడేళ్లకు ఆయన పోయాడు. ఆ సంగతి సినిమాలో ఉండదు, ఉండే వీలూ లేదు.

డిస్కు ఆపాక మామయ్య, “ఇంటికొచ్చిన తర్వాత ఏం చేశాడంట?” అని అడిగారు. పీడకలలతో నిద్రపట్టక దిండు కింద తూటాలు నింపిన తుపాకీ పెట్టుకుని పడుకునేవాడని, సారాయి, సిగరెట్ల ప్రకటనలు ఎంత డబ్బిస్తామన్నా చేయలేదని, చివరికి దివాలా తీశాడని నాకు తెలిసినంతలో చెప్పాను. 45 ఏళ్ల వయసులో, 1971 మే 28న విమాన ప్రమాదంలో పోయాడని కూడా చెప్పాను.

“డెబ్భై ఒకటి మే నెలా?” అంటూ మామయ్య వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. “మేమింకా రాజస్థాన్ పోలేదురా అప్పటికి. డిసెంబరు కదా మాది.”

రిమోటు నా చేతికిచ్చి, అన్నానికి వేళైందని లేచారు. మిగతా సగం నేను తర్వాత ఒక్కణ్ణే చూశాను.