క్రాంక్‌బెయిట్‌కి తేలికైన రాడ్ ఏది?

ప్రశ్న: నమస్తే సార్. నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. మావాడు డాలస్‌లో ఉంటాడు. పోయిన వేసవిలో వెళ్లినప్పుడు ఆదివారాలు చెరువుకు తీసుకెళ్లి బాస్ చేపలు పట్టడం నేర్పాడు. క్రాంక్‌బెయిట్ అనే బొమ్మచేపను విసిరి, రీల్ తిప్పుతూ లాగడం నాకు బాగా నచ్చింది. కానీ గంట గడిచేసరికి మణికట్టు, కుడి భుజం పట్టేస్తున్నాయి. ఏప్రిల్‌లో మళ్లీ వెళ్తున్నాను. ఈసారి నాకని తేలికైన రాడ్, రీల్ కొంటానంటున్నాడు. రెండు చూపించాడు. ఒకటి పూర్తి కార్బన్ రాడ్, ఫాస్ట్ యాక్షన్, దానికి 8:1 రీల్. చాలా తేలిక. రెండోది ఫైబర్‌గ్లాస్ రాడ్, 5.4:1 రీల్. బరువు ఎక్కువ. ఏది తీసుకోమంటారు? తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకుంటే మన సాగర్ బ్యాక్‌వాటర్‌లో పనికొస్తుందా?
– ఓ పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అన్నా, ఆ రెండు రాడ్లూ వద్దు. మొదటి దాని తేలికతనం, రెండో దాని వంపు, రెండూ ఒకే రాడ్‌లో దొరుకుతాయి. దాని సంగతి చెప్పేముందు మీ చెయ్యి ఎందుకు నొస్తుందో చూద్దాం.

క్రాంక్‌బెయిట్ మూతికి ముందు ప్లాస్టిక్ నాలుక ఉంటుంది కదా, నొప్పికి సగం కారణం అదే. రీల్ తిప్పినప్పుడు ఆ నాలుక నీళ్లను తోసుకుంటూ ఎరను కిందికి దింపుతుంది. నాలుక పొడుగ్గా, వెడల్పుగా ఉన్న ఎర నాలుగైదు మీటర్ల లోతుకు పోతుంది. ఆ తోపుడంతా మీ మణికట్టు మీదే పడుతుంది. దాన్ని 8:1 రీల్‌తో లాగడం అంటే గేర్ల సైకిల్‌ను పెద్ద గేర్‌లో పెట్టి దేవరకొండ గుట్ట ఎక్కించడమే. 8:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూల్, అంటే తంగూసు చుట్టుకునే కండె, ఎనిమిది చుట్లు తిరుగుతుంది. తంగూసు సుమారు 85 సెంటీమీటర్లు లోపలికి వస్తుంది. 5.4:1 రీల్‌లో ఒక చుట్టుకు వచ్చేది 55 సెంటీమీటర్ల దాకానే. చుట్లు ఎక్కువ తిప్పాలి, కానీ ఒక్కో చుట్టుకు పెట్టే బలం బాగా తగ్గుతుంది. పైగా అలవాటు లేని చేతికి వేగంగా చుట్టే రీల్ ఇస్తే ఎరను అవసరానికి మించి గుంజుతుంది. కాబట్టి రీల్ విషయంలో మీవాడు చూపించిన రెండోదే సరైన దారి. 5:1 నుంచి 6:1 లోపు ఏదైనా సరే.

మీరు వెళ్లేది ఏప్రిల్‌లో కాబట్టి ఇంకో సుళువు ఉంది. టెక్సాస్‌లో వసంతకాలం బాస్ గుడ్లు పెట్టే రోజులు. అవి ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలోకి వస్తాయి. అప్పుడు పెద్ద నాలుక ఎరలతో పనే లేదు. నాలుక చిన్నగా, చతురస్రంగా ఉండే రకం మీటరు, మీటరున్నర లోతులో ఈదుతుంది. లాగడానికి హాయిగా ఉంటుంది. జూలై వచ్చి నీళ్లు వేడెక్కాక చేపలు లోతుకు దిగుతాయి. అప్పుడు కూడా లోతు ఎరలు మీవాడికే వదిలేయండి.

ఇక రాడ్. షాపులో 'ఫాస్ట్' అన్నారంటే కొస మాత్రమే వంగుతుంది, కింద అంతా బిగుసుగా ఉంటుంది. ఒంటి కొక్కెం ఎరలకు అది మంచిదే. క్రాంక్‌బెయిట్‌కి ఉండేవి మాత్రం మూడు మొనల చిన్న కొక్కేలు. అవి లోతుగా దిగవు, చాలాసార్లు చేప పెదవి అంచునో, బుగ్గ పొర మీదో పట్టుకుంటాయి. బాస్ నీటిపైకి ఎగిరి తల విదిలిస్తుంది. బిగుసు రాడ్ ఆ విదిలింపును ఏమాత్రం సర్దుకోదు. చిల్లు పెద్దదై కొక్కెం ఊడిపోతుంది. నడుము దాకా వంగే రాడ్ అయితే చేప ఎటు గుంజినా వంగి ఇస్తూ, తంగూసు బిగువును కాపాడుతుంది. ఇంకో లాభం, చేప ఎరను నోట్లోకి తీసుకునే ఆ క్షణంలో మెత్తని రాడ్ అడ్డుపడదు.

ఈ వంపు కోసమే వెనకటి నుంచి ఫైబర్‌గ్లాస్ వాడుతున్నారు. బరువు దాని లోపం. ఇప్పుడు గ్లాస్, కార్బన్ కలిపిన రాడ్లు వస్తున్నాయి. పూర్తి కార్బన్‌తోనే 'మోడరేట్', అంటే నడుము దాకా వంగే వంపు వచ్చేలా చేసినవీ ఉన్నాయి. మీకు కావాల్సింది ఈ చివరిదే. ఏడడుగులు, మీడియం పవర్ (మధ్యరకం గట్టిదనం), మోడరేట్ యాక్షన్. పిడి పైన రాడ్ మీద ఈ మాటలన్నీ రాసి ఉంటాయి, అక్కడే ఎర బరువు కూడా ఔన్సుల్లో ఉంటుంది. 1/4 నుంచి 5/8 అని ఉంటే దాదాపు 7 నుంచి 18 గ్రాముల ఎరలకు సరిపోతుందని అర్థం. మీరు వాడే చిన్న నాలుక రకాలన్నీ అందులోకే వస్తాయి.

డబ్బాల మీద గ్రాములు చూసి మోసపోవద్దని మిమ్మల్ని మరీ మరీ కోరుతున్నాను. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసినవాణ్ని. భుజం నొప్పితో వచ్చిన పిల్లలను చాలామందినే చూశాను. చేతిలో బరువు ఎంతుందన్నది ఒక్కటే కాదు, ఆ బరువు చేతికి ఎంత దూరంలో ఉందన్నది చూడాలి. కొస బరువుగా ఉన్న 115 గ్రాముల రాడ్, బ్యాలెన్స్ కుదిరిన 140 గ్రాముల రాడ్ కన్నా తొందరగా అలసట తెస్తుంది. అందుకే షాపులో రీల్ బిగించమనండి. రీల్‌కి కాస్త ముందు ఒక్క వేలు పెట్టి రాడ్‌ను నిలపండి. కొస నేలచూపులు చూస్తుంటే అది మీకు వద్దు. మా అమ్మాయి దగ్గర డాలస్‌లో ఉన్నప్పుడు ఇలా ఒక షాపులో చూస్తే, ధర ఎక్కువున్న రాడ్ ఒరిగిపోయింది, మధ్యరకంది నిలబడింది. మధ్యరకందే తెచ్చుకున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను.

రీల్ రకం గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. క్రాంక్‌బెయిట్‌కి చాలామంది రాడ్ పైన కూర్చునే బెయిట్‌కాస్టర్ వాడతారు. బలంగా లాగడానికి అది మేలు. కాకపోతే విసిరేటప్పుడు బొటనవేలితో స్పూల్‌ను అదుపు చేయడం రావాలి, లేకపోతే తంగూసు గూడు కట్టేస్తుంది. మీకు నా సలహా రాడ్ కింద వేలాడే స్పిన్నింగ్ రీల్, 2500 సైజు. తేలిక ఎరలను సులువుగా విసురుతుంది. హ్యాండిల్‌ను ఎడమవైపుకు మార్చుకోవచ్చు. అప్పుడు కుడిచేత్తో విసిరి, చెయ్యి మార్చకుండా ఎడమచేత్తో తిప్పుతారు. రాడ్ కూడా స్పిన్నింగ్‌దే అయి ఉండాలి, బెయిట్‌కాస్టర్ రాడ్‌కు దీన్ని బిగించొద్దు. తంగూసు 8 పౌండ్ల బరువును తట్టుకునేది చాలు. లావు తంగూసు నీళ్లను కోయలేదు, ఎర లోతు తగ్గిపోతుంది.

లాగేటప్పుడు రాడ్ కొసను నీళ్లవైపు కిందికి ఉంచి, పిడి చివరను మోచేతి కిందికి ఆనించండి. భుజానికి సగం భారం తగ్గుతుంది. చేప పట్టిందనిపిస్తే పైకి గుంజొద్దు, తిప్పడం ఆపకుండా రాడ్‌ను పక్కకు జరపండి. టెక్సాస్‌లో 17 ఏళ్లు దాటినవాళ్లకు లైసెన్స్ కావాలి. మీకు బయటివాళ్ల లైసెన్స్ తీయమనండి. డాలస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌కు పోతే అక్కడ బాస్ కొలత నియమం వేరుగా ఉంటుంది, ముందే చూసుకోండి.

సాగర్ సంగతి. మన కృష్ణలో బాస్ లేదు. కొర్రమీను, వాలుగ ఈ ఎరలకు వస్తాయి. కానీ కొర్రమీను గుర్రపుడెక్క, తుంగ మధ్య దాక్కుంటుంది. అక్కడికి మూడు మొనల కొక్కేలు విసిరితే చేపకన్నా ముందు గడ్డి పట్టుకుంటుంది. దాని నోరు ఎముక లాగా గట్టిది. గడ్డిలోంచి బయటికి లాగాలంటే బిగుసు రాడ్, అల్లిన తంగూసు, రబ్బరు కప్ప ఎర కావాలి. ఆ వేటకు మీ కొత్త రాడ్ పనికిరాదు. వైజాగ్ కాలనీ వైపు గడ్డి లేని రాళ్ల ఒడ్డు ఉన్నచోట మాత్రం పొద్దుగూకే వేళ వాలుగకు వాడండి. వాలుగ పళ్లు సన్నగా, పదునుగా ఉంటాయి, ఎర ముందు జానెడు స్టీలు తీగ కట్టాలి. ముందు అక్కడి మత్స్య సహకార సంఘం వాళ్లను అడగండి, అది వాళ్ల బతుకుదెరువు. ఆమ్రాబాద్ టైగర్ రిజర్వ్ హద్దులోకి పోవద్దు. కృష్ణలో మొసళ్లున్నాయి, మోకాలి లోతులోకి కూడా దిగకండి.

తెచ్చుకునే ఆలోచన ఉంది కాబట్టి రెండు ముక్కల రాడ్ తీసుకోండి. డాలస్‌లోనే హార్డ్‌వేర్ షాపులో పీవీసీ పైపు కోయించి, రెండువైపులా మూత పెడితే మంచి కవచం. కొక్కేలున్న ఎరలు చెకిన్ సామానులోనే పెట్టాలి.

ప్రశ్న: రామన్‌పాడులో క్రాంక్‌బెయిట్ విసిరిన ప్రతిసారీ రాళ్లకు తట్టుకుని తెగిపోతోంది. ఏం చేయాలి?
– వనపర్తి

జవాబు: తట్టుకోగానే గుంజుతున్నారు, అందుకే తెగుతోంది. ఈ ఎరలు చాలావరకు తేలే రకం. రాయి తగిలిన క్షణంలో తిప్పడం ఆపి తంగూసు వదులు చేయండి, చాలాసార్లు దానంతట అదే పైకి లేస్తుంది. లేవకపోతే ఒడ్డున నడిచి అవతలి వైపు నుంచి లాగండి. అక్కడి లోతుకన్నా కొంచెం ఎక్కువ దిగే ఎర చాలు, బాగా లోతు రకం వద్దు.

ప్రశ్న: వానలు పడ్డాక కోయిల్‌సాగర్ ఒడ్డున ఎర్రటి పిల్లల గుంపు, కింద పెద్ద కొర్రమీను కనిపించాయి. అక్కడ ఎర వేస్తే తప్పకుండా పడుతుందంటున్నారు. నిజమేనా?
– మహబూబ్‌నగర్

జవాబు: పడుతుంది. దయచేసి వేయకండి. పిల్లలకు కాపలా ఉన్న తల్లీతండ్రీ ఆకలితో కాదు, కోపంతో ఎరను కొడతాయి. వాటిని తీసేస్తే జెల్లలు, మిగతా చేపలు గంటల్లోనే ఆ గుంపును ఊడ్చేస్తాయి. కొర్రమీను మన రాష్ట్ర చేప, మన చెరువుల్లో సహజంగా పెరిగేది. కొన్ని వారాలకు పిల్లల ఎరుపు పోయి నల్లబడి, గుంపు విడిపోతుంది. అప్పటిదాకా ఆ ఒడ్డు వదిలి ఇంకోచోటికి పోండి.