హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి భార్యకు చెప్పనంటే కౌన్సెలర్ చెప్పవచ్చా?

నేరుగా వెళ్లి చెప్పకూడదు. అలాగని చట్టం నోరు పూర్తిగా కట్టేయలేదు కూడా. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం (2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది) ప్రకారం ఆ వ్యక్తి సమ్మతి లేకుండా విషయం బయటపెట్టడం తప్పు. తొమ్మిదో సెక్షన్ మాత్రం వైద్యుడికి, కౌన్సెలర్‌కు ఒక సన్నని దారి వదిలింది. భాగస్వామికి సోకే ప్రమాదం గట్టిగా ఉండాలి. మీరే చెప్పండని ముందు అతనికి నచ్చజెప్పి ఉండాలి. అయినా చెప్పడని తేలాక, ‘ఇక నేను చెప్పబోతున్నాను’ అని అతనికే తెలియజేయాలి. అప్పుడు కూడా భార్యకు కౌన్సెలింగ్ ఇచ్చి, ముఖాముఖి చెప్పాలి. ఫోనులో కాదు, అత్తగారి ద్వారా అసలే కాదు.

హెచ్‌ఐవీ ఉన్నది భార్యకైతే లెక్క మారుతుంది. భర్తకు తెలిస్తే కొడతాడనో, ఇంట్లోంచి గెంటేస్తాడనో సహేతుకమైన భయం ఉంటే చెప్పకూడదని అదే సెక్షన్ అంటోంది. చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఇదే.

నిజానికి గుట్టు ఎక్కువగా రట్టయ్యేది ఇంత పెద్ద నిర్ణయాల దగ్గర కాదు. ఆసుపత్రి వరండాలో పదిమంది కూర్చుని ఉండగా పేరు పెట్టి, ‘ఏఆర్‌టీ (హెచ్‌ఐవీకి వాడే) మందులకు వచ్చారా?’ అని సిబ్బంది కేకేసినప్పుడు.