కొన్న పాటకి కాపీ తీసుకుంటే కేసవుతుందా?

ఈసారి ఉత్తరాలన్నీ పాటల కాపీరైట్ మీదే. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: సార్, డబ్బు పెట్టి కొన్న ఒరిజినల్ సీడీలు నా దగ్గర బోలెడున్నాయి. ప్లేయర్ ఎప్పుడు మొరాయిస్తుందో తెలీదు, అందుకే అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫోన్‌లో వేసుకుందామనుకుంటున్నాను. మా బావగారేమో అదీ పైరసీయే, కేసులవుతాయి అని టెన్షన్ పెడుతున్నారు. నిజమేనా?
- సీడీల పిచ్చోడు

జవాబు: మీ బావగారి మాట మరీ కొట్టిపారేసేది కాదు గానీ, ఆయన సొంతానికి కాపీ తీసుకోవడం, ఊరందరికీ పంచడం అనే రెండు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కట్టేస్తున్నారు. ఆ మాటకొస్తే ముందు అలా కట్టేసింది మ్యూజిక్ కంపెనీలే. 2005లో అమెరికా సుప్రీంకోర్టులో గ్రోక్‌స్టర్ అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ కేసు నడిచినప్పుడు, కొన్న సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని ఐపాడ్‌లో వేసుకోవడం పూర్తిగా చట్టబద్ధమేనని కంపెనీల తరఫు లాయరే జడ్జీల ముందు చెప్పాడు. 2007కి వచ్చేసరికి ఇంకో కేసులో ఓ పెద్ద కంపెనీ లాయరమ్మ సాక్ష్యం చెబుతూ, కొన్నవాళ్లు ఆ పాటని తమకోసమే కాపీ చేసుకున్నా దొంగిలించినట్టే అనుకోవచ్చు అనేసింది. ఆ తర్వాత పరిశ్రమ సంఘం వాళ్లు, అబ్బే, ఆవిడ నోరు జారింది అని సర్దుకున్నారనుకోండి. కంపెనీలకే ఒక మాట మీద నిలబడడం రానప్పుడు మీ బావగారు తికమకపడడంలో వింతేముంది?

చట్టం సంగతికొస్తే దేశానికో తీరు. అమెరికాలో 1992లో చేసిన చట్టం, ఇంట్లో సొంతానికి పాటలు రికార్డు చేసుకునేవాళ్ల మీద దావా వేయకుండా కొంత రక్షణ ఇచ్చింది, బదులుగా డిజిటల్ రికార్డర్ల మీదా ఖాళీ టేపుల మీదా కంపెనీలకి వాటా పెట్టింది. 1999లో రియో అనే ఎంపీత్రీ ప్లేయర్‌ని ఆపించాలని పరిశ్రమ కోర్టుకెళ్లి ఓడిపోయింది. కొన్న పాటని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చుకోవడం అచ్చంగా సొంత వాడకమేనని అప్పీలు కోర్టు ఆ తీర్పులో రాసింది. అయినా సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చని అక్కడి చట్టంలో సూటిగా ఎక్కడా రాసి లేదు. జర్మనీలో సొంతానికి కాపీ తీసుకోవచ్చు, దానికి పరిహారంగా 1965 నుంచీ రికార్డింగ్ పరికరాల మీద కొంత సొమ్ము వసూలు చేస్తున్నారు. బ్రిటన్‌ది మాత్రం నవ్వొచ్చే కథ. 2014 అక్టోబరులో సొంత కాపీలకి అనుమతిస్తూ నిబంధన తెచ్చారు, హక్కుదారులకి పరిహారం లేకుండా ఎలా ఇస్తారని సంగీతం వాళ్లు కోర్టుకెక్కారు, 2015 జులైలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే కొన్న సీడీని ఫోన్‌లోకి ఎక్కించుకున్న ప్రతి ఒక్కరూ అక్కడ కాగితం మీద మళ్లీ తప్పు చేసినవాళ్లే! అలాగని వాళ్ల ఇళ్లకి ఎవరూ వెళ్లడం లేదు.

మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన మేరకు వెసులుబాటు ఇస్తుంది, 2012 సవరణతో అది సౌండ్ రికార్డింగులకీ వర్తిస్తోంది. కాబట్టి మీరు నిశ్చింతగా ఎక్కించుకోండి. అసలు సీడీలు మాత్రం పారేయకండి, కొన్నారని చెప్పడానికి సాక్ష్యం అవే.

ప్రశ్న: ఈ మధ్య పాత సీడీల్లోంచి ఒకటి తీసి కంప్యూటర్‌లో పెడితే పాట రాదు సరికదా, ముందు మా ప్లేయర్ ఇన్‌స్టాల్ చేసుకో అంటోంది. చేసుకోమంటారా?
- ఓ పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, ఆ పెట్టె మూసేసి సీడీ బయటికి తీసేయండి. ఎందుకో చెబుతాను. 2005లో సోనీ బీఎంజీ కొన్ని సీడీల్లో ఎక్స్‌సీపీ అనే కాపీ నిరోధక సాఫ్ట్‌వేర్ పెట్టింది. అది విండోస్ లోపలికి దూరి తనని తాను దాచేసుకునేది. ఆ దాచే పద్ధతి ఎంత మొరటుగా ఉండేదంటే, పేరు ఫలానా గుర్తుతో మొదలైతే చాలు, ఏ ఫైలైనా సరే కంటికి కనపడకుండా పోయేది. ఇంకేముంది, వైరస్‌లు రాసేవాళ్లు తమ ఫైళ్లకీ అదే గుర్తు తగిలించి దాని చాటున దాక్కున్నారు. ఆ అక్టోబరు ఆఖర్న మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు బయటపెట్టేదాకా ఆ సీడీలు కొన్నవాళ్లకి ఈ సంగతే తెలీదు. తర్వాత కంపెనీ సీడీలు వెనక్కి తీసుకుంది, దావాలు ఎదుర్కొంది. ఇక్కడ నాకు మండేది ఒక్కటే. ఈ తంటా అంతా పడింది షాపుకెళ్లి డబ్బిచ్చి కొన్నవాళ్లు. నెట్‌లో ఊరికే దింపుకున్నవాడికి ఏ బాధా లేదు.

అంతకుముందు 2002 ప్రాంతంలో ఇంకో తరహా తాళం వచ్చింది. సీడీ బయటి అంచు దగ్గర కావాలనే చెత్త డేటాతో ఒక ట్రాక్ పెట్టేవారు. మామూలు ప్లేయర్ దాని జోలికి పోదు, కంప్యూటర్ మాత్రం ముందు దాన్నే చదవబోయి బోర్లాపడేది. జనం ఏం చేశారంటే, మార్కర్ పెన్నుతో సీడీ అడుగున అంచు వెంబడి ఆ ట్రాక్ మీద నల్లగా గీసేశారు! కంప్యూటర్‌కి ఆ ట్రాక్ కనపడక హాయిగా పాటల్లోకి వెళ్లిపోయేది. అంత ఖర్చు పెట్టి వేసిన తాళం పెన్ను గీతకి ఊడిపోయింది. అయితే 1998 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి తాళం తీయడమే తప్పు, లోపలున్నది మీరు కొన్న పాటే అయినా. మన చట్టంలో 65ఎ సెక్షన్ కాస్త నయం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీసినవాళ్లకే అది శిక్ష వేస్తుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి కొన్న పాటలు కొత్త కంప్యూటర్‌లోకి మార్చాక పలకడం లేదు. కొన్న చోట అడుగుదామంటే ఆ స్టోరే మూతపడింది. నా డబ్బు పోయినట్టేనా?
- పేరు వద్దు

జవాబు: చాలావరకు అంతేనండీ, చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. మీరు నొక్కిన బటన్ మీద 'కొనండి' అని ఉంటుంది, కింద ఎవరూ చదవని షరతుల్లో మాత్రం ఇది లైసెన్స్ మాత్రమే అని ఉంటుంది. డీఆర్‌ఎం, అంటే కాపీ కాకుండా ఫైల్‌కి వేసే డిజిటల్ తాళం, ఉన్న పాట కొత్త మెషీన్‌లో పలికే ముందు కంపెనీ సర్వర్‌ని అడిగి తాళంచెవి తెచ్చుకోవాలి. సర్వర్ ఆపేస్తే అడగడానికి ఎవరూ ఉండరు. 2008లో యాహూ తన మ్యూజిక్ స్టోర్ మూసేటప్పుడు ఇదే జరిగింది, గొడవయ్యాక కొన్నవాళ్లకి కూపన్లో డబ్బులో ఇస్తామంది. పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంటే ఆ పాటల్ని మామూలు ఆడియో సీడీగా రాసుకోండి, స్టోర్ అందుకు అనుమతి ఇచ్చి ఉంటే. ఆ సీడీకి తాళం ఉండదు. ఇకపై కొనేటప్పుడు తాళం లేని ఫైల్ ఇచ్చేచోటే కొనండి. ఆపిల్ కూడా 2009లో తన స్టోర్ పాటల నుంచి తాళాలు తీసేసింది, దాంతో పరిశ్రమేం మునిగిపోలేదు. నెలనెలా కట్టే స్ట్రీమింగ్ వేరే లెక్క, అక్కడ కొన్నదేమీ లేదు, డబ్బు కట్టినన్నాళ్లే పాట.

ప్రశ్న: ఫ్రెండ్స్ అంతా పాటల ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిపుచ్చుకుంటాం. ఇదీ సొంత వాడకమే కదా?
- కాలేజీ కుర్రాళ్లు

జవాబు: కాదు. ఊరంతా ఫ్రెండ్సే అయితే ఇక కొనేదెవరయ్యా? మీ అంతట మీరు వినడం వేరు, పంచిపెట్టడం వేరు. 2003 నుంచి 2008 దాకా అమెరికాలో పరిశ్రమ సంఘం వేలమంది మామూలు జనం మీద దావాలు వేసింది, అవన్నీ పంచినందుకే. కజా అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 పాటలు పంచినందుకు మిన్నెసోటాలో ఒకావిడకి 2007లో 2,22,000 డాలర్లు పడింది. మళ్లీ విచారణ జరిపితే జ్యూరీ 19,20,000 డాలర్లంది! చివరికి 2012లో అప్పీలు కోర్టు మళ్లీ మొదటి అంకె దగ్గరే ఆగింది. పాటకి 9,250 డాలర్లన్నమాట. ఆవిడ చేసింది తప్పే, కాదనను. కానీ అది నష్టపరిహారమా, జనాన్ని బెదరగొట్టడమా? నా ఉద్దేశంలో రెండోదే.

ప్రశ్న: ఎప్పుడూ వినేవాళ్ల హక్కులేనా? పాటలు రాసి బతికే మా సంగతేంటి?
- ఒక రచయిత

జవాబు: న్యాయమైన ప్రశ్న. నాకైతే జర్మనీ దారే నచ్చుతుంది. కెనడాలోనూ ఖాళీ సీడీకి 29 సెంట్లు వసూలు చేసి పాట రాసినవాళ్లకీ పాడినవాళ్లకీ నిర్మాతలకీ పంచుతారు. చిక్కేంటంటే జనం సీడీలు మానేశారు, ఎంపీత్రీ ప్లేయర్ల మీదా వేయబోతే అక్కడి కోర్టులు ఒప్పుకోలేదు. ఇంకోటి, ఇలా వచ్చిన సొమ్ములో మీ చేతికి ఎంత వస్తుందన్నది మీరు కంపెనీతో చేసుకున్న ఒప్పందం మీద కూడా ఆధారపడి ఉంటుంది. శ్రోత తన సీడీని ఫోన్‌లోకి ఎక్కించుకోవడం ఆపినంత మాత్రాన ఆ కాగితం మారదు కదండీ.

ప్రశ్న: అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేశాక సీడీలు అమ్మేసుకోవచ్చా?
- మరో పాఠకుడు

జవాబు: సీడీ అమ్ముకునే హక్కు మీకుంది, కానీ అమ్మాక కంప్యూటర్‌లో కాపీ ఉంచుకోకూడదు, చెరిపేయాలి. ఫైల్ రూపంలో కొన్న పాట అయితే ఆ అమ్మకమూ కుదిరేలా లేదు. వాడిన ఫైళ్లు తిరిగి అమ్మిపెట్టిన రీడిజీ అనే కంపెనీ అమెరికాలో 2018లో అప్పీలులోనూ ఓడిపోయింది, ఫైల్ పంపడమంటేనే కొత్త కాపీ తయారుచేయడం అని కోర్టు తేల్చింది.