చలికి డైవింగ్ టార్చ్ స్విచ్ మొండికేస్తోందా?

ప్రశ్న: గడ్డకట్టిన సరస్సుల్లో మంచు కింద డైవింగ్ చేస్తుంటాను. నా టార్చ్‌కి పక్కకి జరిపే మాగ్నెట్ స్విచ్ ఉంది. రెండో డైవ్‌కి దిగే ముందు ఒక్కోసారి అది కదలదు, కదిలినా లైట్ వెలిగి టక్కున ఆరిపోతుంది. ఇంటికొచ్చాక మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. చలికి స్విచ్ పోయినట్టేనా, మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే మార్చకండి, నాకైతే స్విచ్ మీద పెద్దగా అనుమానం లేదు. ఇలాంటి టార్చ్‌ల్లో ఎక్కువగా ఉండేది రీడ్ స్విచ్, అంటే సీలు చేసిన చిన్న గాజు గొట్టంలో రెండు సన్నటి రేకులు, బయట మాగ్నెట్ దగ్గరికి రాగానే అవి అతుక్కుంటాయి అంతే. మామూలుగా దొరికే రీడ్ స్విచ్‌లు చాలావరకు మైనస్ 40 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. అయినా నీళ్లలో అంత చలి ఎక్కడుంది, సరస్సు నీళ్లు 0 దగ్గర గడ్డకట్టేస్తాయి, సముద్రమైనా మైనస్ 2 దాకానే. అసలు చలి అంతా పైన గాలిలోనే.

మొదటి డైవ్ అయ్యాక తడి టార్చ్‌ని మంచు మీద పెట్టేస్తారు కదా, స్లైడర్ కింద ఉన్న నీటి పొర కాస్తా గడ్డకట్టి పట్టేస్తుంది. బలవంతంగా లాగితే విరిగేది స్లైడరే. గోరువెచ్చటి నీళ్లు పోసి వదులు చేసి వెంటనే దిగిపోండి, ఆలస్యం చేస్తే ఆ పోసిన నీళ్లే మళ్లీ గడ్డకడతాయి.

వెలిగి ఆరిపోవడం మాత్రం బ్యాటరీ పని. చలికి లిథియం బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది, స్విచ్ వేయగానే వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోతుంది, సర్క్యూట్ ఏమో ఛార్జింగ్ అయిపోయిందనుకుని కట్ చేసేస్తుంది. వెచ్చబడితే మళ్లీ మామూలే, అందుకే ఇంట్లో ఈ లోపం బయటపడట్లేదు. దిగేదాకా టార్చ్‌ని తుడిచి జాకెట్‌లో పెట్టుకోండి. బ్యాటరీ మాత్రం పొడి గదిలోనే వేసి మూసేయండి, ఆవిరి ఉన్న చోట మూస్తే ఆ తేమంతా లోపల మంచుబిందువులై కాంటాక్టుల మీద చేరుతుంది.

పైజో బటన్, అంటే నొక్కితే కొంచెం ఛార్జ్ పుట్టించే సిరామిక్ ముక్కతో పనిచేసే బటన్, ఉన్న టార్చ్ కొందామా అనుకుంటారేమో. అందులో కదిలే భాగం దాదాపు ఉండదు కాబట్టి ఇలా పట్టేయదు, నిజమే, కానీ ఆ సిరామిక్ ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారినా కొంచెం ఛార్జ్ పుట్టిస్తుంది, సర్క్యూట్ సరిగ్గా లేకపోతే ఎవరూ నొక్కకుండానే వెలిగే ఛాన్స్ ఉంది!

ఇన్ని చేసినా వెలగకపోతే స్లైడర్ పక్కన ఇంకో గట్టి మాగ్నెట్ పెట్టి చూడండి. వెలిగితే రీడ్ స్విచ్ బాగున్నట్టే, స్లైడర్‌లోని మాగ్నెట్టే పగిలిందో జరిగిందో. దానికి స్లైడర్ ఒక్కటి మార్పిస్తే సరిపోతుంది.