ఓటు సంగతులు: ఊళ్లో ఇల్లుంటే ఓటుంటుందా?

(పాఠకుల సందేహాలకు జవాబులిస్తున్నది ఓటరు జాబితాల పనిలో చాలా ఏళ్లు గడిపిన విశ్రాంత డిప్యూటీ తహసీల్దార్.)

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఉద్యోగరీత్యా కూకట్‌పల్లిలో స్థిరపడ్డాం. ఊళ్లో సొంత ఇల్లు, కొద్దిగా పొలం ఉన్నాయి, సంక్రాంతికి తప్పకుండా వెళ్తాం. నా ఓటు ఊళ్లోనే ఉంది. ఇక్కడ కూడా నమోదు చేయించుకోమని మా అపార్ట్‌మెంట్ వాళ్లు అంటున్నారు. రెండూ ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉంచుకోకూడదండీ. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఈ సందేహమే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. తెలంగాణలో ఒకటి, ఆంధ్రాలో ఒకటి అన్నా కుదరదు, చట్టం దేశమంతటికీ ఒకటే. కొత్త ఓటు నమోదుకు ఫారం-6 అనే దరఖాస్తు పెడితే, ఇంకెక్కడా నా పేరు లేదని మీరే సంతకం చేస్తారు. అది అబద్ధమని తేలితే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పోనీ రెండు చోట్లా ఓటేసి వస్తానంటారా, చట్టం దృష్టిలో ఆ రెండూ చెల్లవు.

ఇక ఊళ్లో ఇల్లుంది కదా అన్న మాట. పట్టా చూసి ఓటివ్వరు. మామూలుగా ఎక్కడ ఉంటున్నారన్నదే లెక్క. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని 20వ సెక్షన్ నేరుగానే చెబుతుంది. అదే సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది: కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఓటు పోదు. పాలమూరు నుంచి పనుల కోసం వలస వెళ్లి వానలు పడగానే తిరిగొచ్చే కూలీ, కూతురి పురుడు పోయడానికి వెళ్లిన తల్లి, వీళ్ల ఓటు ఊళ్లోనే ఉంటుంది. మీరు చేసేది అలాంటి ప్రయాణం కాదు. పిల్లల బడి, గ్యాస్ కనెక్షన్, ఆఫీసు అన్నీ కూకట్‌పల్లిలో పెట్టుకుని ఏడాదికోసారి ఊరెళ్తే, చట్టం లెక్కలో మీరు కూకట్‌పల్లి మనిషే.

ఊరి ఓటు మీద మమకారం ఎందుకో నాకు తెలియనిది కాదు. అసలు కారణం సర్పంచ్ ఎన్నిక. అసెంబ్లీ జాబితాలో పేరు తీసేస్తే పంచాయతీ జాబితాలోనూ ఉండదు. అన్నదమ్ములు, బావమరుదులు పోటీలో ఉంటే ఆ ఒక్క ఓటుకు ఎంత విలువో నేను చెప్పక్కర్లేదు. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకేరోజు పోలింగ్ పెడితే, ముందురోజుల్లో హైదరాబాద్-విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు ఎలా బారులు తీరాయో అందరం చూశాం. ఆ అభిమానాన్ని నేను తప్పుపట్టను. రెండు చోట్లా పేరుంచుకుని ఎక్కడ అవసరమైతే అక్కడ వేద్దామనుకునే తెలివినే తప్పుపడతాను.

మార్చుకోవాలంటే ఫారం-8 ఒక్కటి చాలు. 2022 ఆగస్టు నుంచి చిరునామా మార్పుకు, వివరాలు సరిదిద్దడానికి, కార్డు పోతే కొత్తది తీసుకోవడానికి అన్నింటికీ ఇదే ఫారం. కొత్త చోట పేరు చేరాక పాత చోట తీసేయించే పని అధికారులదే. అయినా కొన్నాళ్లాగి పాత ఊరి జాబితా కూడా ఒకసారి చూసుకోండి. చిరునామా రుజువు కోసం అద్దె ఒప్పందం రిజిస్టర్ చేయించడానికి ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే టెన్షన్ పడకండి. మీ పేరున గ్యాస్ బిల్లు గానీ బ్యాంక్ పాస్‌బుక్ గానీ ఉన్నా సరిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి 2009 ఫిబ్రవరి 10న పుట్టింది. ఓటు కోసం 2028 జనవరి దాకా ఆగాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అక్కర్లేదమ్మా. మీరు చెబుతున్నది పాత పద్ధతి. అప్పుడు జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ, జనవరి 2న పుట్టిన పిల్లలు ఏడాదంతా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలున్నాయి. మీ అమ్మాయికి 2027 ఏప్రిల్ 1 వర్తిస్తుంది. 17 నిండాయి కాబట్టి ఫారం-6 ముందుగానే పెట్టేయొచ్చు. టెన్త్ మెమోలో ఉన్న పుట్టిన తేదీయే రాయండి. మా తరంలో బడిలో చేర్చేటప్పుడు మాస్టారు సగం మందిని జూన్‌లో పుట్టించేసేవారు, ఆ బాధ మీకుండదు లెండి.

పేరు మాత్రం పూర్తిగా రాయించండి. 1951-52లో జరిగిన మొదటి ఎన్నికలప్పుడు, ఎక్కువగా ఉత్తరాదిలో, ‘ఫలానా వారి భార్య’, ‘ఫలానా వారి తల్లి’ అని తప్ప సొంత పేరు చెప్పని సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లను జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది.

ప్రశ్న: కార్డు జేబులో ఉంది, బూత్‌కి వెళ్తే జాబితాలో పేరు లేదన్నారు. ఎవరో నా పేరు తీసేయమని ఫారం-7 పెట్టారట. ఇదెక్కడి న్యాయం?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కానీ కార్డు మీరెవరో చెబుతుందంతే. ఓటిచ్చేది జాబితా. అందులో పేరుంటే కార్డు లేకపోయినా ఆధార్, పాన్, ఉపాధి హామీ జాబ్‌కార్డు లాంటివి చూపించి వేయొచ్చు. పేరే లేకపోతే ఆ రోజు బూత్‌లో ఎవరూ ఏమీ చేయలేరు.

ఫారం-7 ఎవరంటే వాళ్లు పెట్టకూడదు, అదే నియోజకవర్గం ఓటరై ఉండాలి. పెట్టగానే తీసేయకూడదు కూడా. ఊరు విడిచి వెళ్లారన్న కారణంతో తొలగించే ముందు మీ మాట వినే అవకాశం ఇవ్వాలి. మీకు నోటీసు రాలేదంటే ఏ కారణంతో, ఏ తేదీన తీసేశారో రాతపూర్వకంగా అడగండి. నమోదు అధికారి నిర్ణయం మీద జిల్లా కలెక్టర్‌కు, ఆ పైన రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఈలోగా ఫారం-6 మళ్లీ పెట్టేయండి, పంతానికి పోకండి. నామినేషన్లకు చివరి రోజు దాటితే ఆ ఎన్నికకు కొత్త పేరు చేర్చరు. పరిశీలనకు టైమ్ పడుతుంది కనుక కనీసం పది రోజులు ముందే అర్జీ వాళ్ల చేతిలో ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. ఓటు ఉంటుందా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: భారత పాస్‌పోర్ట్ ఉన్నంతవరకూ ఉంటుంది. గ్రీన్‌కార్డ్ వచ్చినా ఫర్వాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే పోతుంది, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఓటుకు పనికిరాదు. విదేశాల్లో ఉన్నవారి కోసం ఉన్న ఫారం-6ఏ పెడితే పాస్‌పోర్టులోని ఊరి జాబితాలో చేరుస్తారు. ఓటరు కార్డు మాత్రం ఇవ్వరు. పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్ట్ పట్టుకుని తనే రావాలి. టికెట్ ఖర్చు మీదా, వాడిదా అన్నది ఇంట్లో తేల్చుకోండి.

ప్రశ్న: మా టిఫిన్ బండి దగ్గర గుడి అరుగు మీద ఒక పెద్దాయన ఉంటాడు. ఇల్లూ లేదు, ఆధారూ లేదు. ఆయనకు ఓటు వస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వస్తుందమ్మా. ఇల్లు లేనివారిని చిరునామా రుజువు అడగకూడదు. ఫారం-6లో ఆ గుడి పేరు, వీధి రాయండి. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, ఆయన నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూడాలి. ఒక్క రాత్రితో సరిపెట్టకుండా మళ్లీ కూడా రావాలి. ఆయనకు సంగతి చెప్పి ఉంచండి, లేకపోతే ఎవరో తరిమేయడానికి వచ్చారనుకుని లేచి వెళ్లిపోతాడు. ఆధార్ లేదని ఎవరైనా వెనక్కి పంపితే అది తప్పనిసరి కాదని చెప్పండి. అయినా వినకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.