డోన్ అంబాసిడర్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు

అనంతపురం

చిరంజీవి రఘుకు మామ ఆశీర్వాదాలు.

నువ్వు పంపిన ఫొటోలు చూసినాను. డోన్ దగ్గర వేపచెట్టు కింద నిలబడిపోయిన అంబాసిడర్ మార్క్ 4వి మూడు, చెన్నై నుంచి తెచ్చి కర్నూలులో అమ్మకానికి పెట్టిన ప్రీమియర్ పద్మిని కారువి పద్నాలుగు. నీ మనసు ఎటు పోయిందో ఆ లెక్కే చెప్తోంది. అయినా నా మాట విని ముందు ఆ మూడు ఫొటోల బండిని చూడు.

మన దిక్కు వాన తక్కువ, గాలిలో ఉప్పు లేదు. ఇక్కడే తిరిగిన బండికి రేకు నిలుస్తుంది. ఎండకు రబ్బర్లు పగులుతాయి, సీట్లు చిరుగుతాయి, రంగు వెలిసిపోతుంది. వాటన్నిటికీ మందుంది. సముద్రం పక్కన ఏళ్ల తరబడి తిరిగిన బండికి తుప్పు లోపలినుంచి తింటుంది, పైన రంగు ఎంత కొత్తదైనా సరే. అంబాసిడర్‌కైనా పద్మినికైనా విడిగా ఛాసిస్, అంటే కింది చట్రం, ఉండదు, బాడీయే ఛాసిస్. డోర్ల కింద పొడుగునా ఉండే పెట్టె లాంటి భాగం తుప్పు పట్టిందంటే బండి నడుము విరిగినట్టే. స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారుకు కింద ఛాసిస్ వేరే ఉంది కాబట్టి దాని లెక్క వేరు.

పోయేటప్పుడు చిన్న అయస్కాంతం, పాత గుడ్డ, టార్చి, పాత స్క్రూడ్రైవర్ తీసుకుపో. అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి డోర్ల కింది అంచులు, చక్రాల పైన వంపులు, డిక్కీ అడుగు మీద మెల్లగా జరుపు. పట్టు తప్పిన చోట రేకు లేదు, లప్పం ఉంది. తర్వాత మ్యాట్లు ఎత్తి డ్రైవర్ కాళ్ల దగ్గర చూడు, వెనక కమాను పట్టీలు బాడీకి తగిలే చోట స్క్రూడ్రైవర్ కొనతో నొక్కు. టక్కుమంటే సరే, మెత్తగా దిగిందంటే మాట్లాడకుండా వచ్చేయ్. డోరు సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తి చూడు: ఆడేది కీలు పిన్ను మాత్రమే అయితే చిన్న పని, కీలు బిగించిన స్తంభమే కదిలితే పెద్ద పని.

ఇప్పుడు కాయితాలు. ఈ పదేళ్లలో మార్కెట్టు మారింది ఇక్కడే. ఒకప్పుడు పాత కార్లంటే సంస్థానాల వాళ్ల షెడ్లలో ఉండే విదేశీ బండ్లు. ఇప్పుడు కొనేవాళ్లు నీ ఈడువాళ్లు. వాళ్లకు కావాల్సింది నాయన నడిపిన బండి: అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా, 1983లో వచ్చిన మొదటి మారుతి 800, జిప్సీ. వీళ్లు రంగు చూసి డబ్బు పెట్టరు. మొదటి ఓనరు ఎవరు, ఆర్.సి. బతికుందా, ఇంజిన్ నంబరు కలుస్తుందా అని అడుగుతారు. బాంబేలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో ఆఖరు అయినప్పటి నుంచి పద్మిని అమ్మేవాళ్ల గొంతు లేచింది. అంబాసిడర్ పేరును ప్యూజో 2017లో 80 కోట్లకు కొన్నదని కూడా చెప్తారు. కొన్నది పేరు అప్పా, డోన్‌లో ఉన్న బండిని కాదు.

పాత బుక్కు ఆర్.సి.లు చాలావరకు ఆన్‌లైన్‌లోకి ఎక్కలేదు. నంబరు కొట్టి చూడు. రాకపోతే ఆ నంబరు రిజిస్టరైన ఆర్టీవో ఆఫీసులో రికార్డు ఉందని తేలేదాకా రూపాయి అడ్వాన్సు ఇవ్వొద్దు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకో, ఆర్.సి.తో ఒక్కొక్క అంకె సరిపోల్చు. టాక్సీగా తిరిగిన అంబాసిడర్లలో ఇంజిన్ మార్చినవి ఎన్నో, మార్చినది ఆర్.సి.లో ఎక్కకపోతే ఆ తలనొప్పి నీదే. ఓనరు పోయి ఉంటే వారసుల పేరుకు ముందు ఫారం 31తో మారాలి, ఆ తర్వాతే నీ పేరుకు మార్చే ఫారాలు 29, 30. కొడుకు సంతకం పెడతాడులే అంటే ఒప్పుకోకు. బయటి రాష్ట్రం బండికైతే అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్.ఓ.సి.తో పాటు ఇక్కడ లైఫ్ ట్యాక్సు కూడా ధరలో కలుపుకో.

బాగా పాత బండ్లకు విడిగా ఇచ్చే వింటేజ్ నంబరు దీనికి వస్తుందని నీకు ఎవరో చెప్పినారు. 2021 రూల్సు ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, బాడీకి, ఇంజిన్‌కు పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఫీజు 20,000, పదేళ్లకు చెల్లుతుంది, మళ్లీ చేయించుకోవాలంటే 5,000. మార్క్ 4 మొదలైందే 1979లో, కాబట్టి 2029కి ముందు ఏ మార్క్ 4కీ ఆ నంబరు రాదు. వచ్చినా రోజూ తిప్పకూడదు, కిరాయికి అసలే కూడదు. ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలుకు, రిపేరుకు బయటికి తీయొచ్చు, అంతే. మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకో. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి ఆ ఫీజు 10,000.

గండికోటలో పెళ్లి ఫొటోలకు బాడుగకు ఇస్తే ఖర్చు వెళ్లిపోతుందని రాసినావు. ప్రైవేటు నంబరుతో బాడుగకు తిప్పడం చట్టానికి విరుద్ధం, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్లు క్లెయిము కాదనొచ్చు. ఆ లెక్క తీసేసి బేరం ఆడు.

బండి కొన్నావనుకో. అమ్మేవాడు ట్రాక్టరుకు కట్టి లాగి స్టార్ట్ చేసి చూపిస్తానంటే వద్దను. ఏళ్లుగా నిలబడిన ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్‌కు పట్టుకుని ఉంటాయి, ఒక్క గుంజుకు విరుగుతాయి. నాలుగు ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయాలి. పొద్దున న్యూట్రల్‌లో పెట్టి హ్యాండిల్ రాడ్డుతో మెల్లగా తిప్పు. తిరగకపోతే బలం చేయొద్దు, మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగు. తిరిగితే పాత ఆయిల్ వంపి కొత్త 20డబ్ల్యు-50 పోసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ పైకి ఎక్కనివ్వు. ట్యాంకులో ఉన్న పెట్రోలు వార్నిష్ అయి ఉంటుంది. ట్యాంకు దించి కడిగించు, సీసాలోంచి కొత్త పెట్రోలు ఇచ్చి స్టార్ట్ చేయి. ఆ రోజే రోడ్డెక్కొద్దు. బ్రేకులకుండే చక్రాల సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ రబ్బర్లన్నీ మారాలి, బ్రేక్ ఆయిల్ కొత్తది పోయాలి.

పెట్రోలు సంగతి వేరే ఉంది. ఇప్పుడు బంకులో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది పాత రబ్బరు పైపులను, పెట్రోలు పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుంటుంది. ఇథనాల్‌కు ఆగే పైపులు ఆర్9 రకం అని అడిగి వేయించు. నెల దాటి నిలబెట్టేటట్టుంటే కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపు. 2000లో సీసం పెట్రోలు పోయిన తర్వాత పాత ఇంజిన్ హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వు ఆనే సీట్లు అరుగుతున్నాయి. హెడ్ విప్పిన రోజే గట్టి వాల్వు సీట్లు పెట్టించు, అదొక్కదాని కోసమైతే విప్పొద్దు.

మన బోరు నీళ్లు రేడియేటర్‌కు విషం. సున్నం గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంటు తప్ప వేరేది పోయనీయకు. ఎండాకాలం వేడెక్కుతోందని మెకానిక్కులు ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. అది జబ్బు కాదు. అది లేకపోతే చలికాలం ఇంజిన్ పనికి కావాల్సిన వేడికి రాదు, పెట్రోలు తాగుతుంది, సిలిండర్ అరుగుతుంది. కడిగించాల్సింది రేడియేటర్‌ను, ఇంజిన్ బ్లాకులో అడుగున పేరుకున్న మడ్డిని.

ఇంజిన్ సామాన్లకు భయం లేదు, బెంగుళూరు జేసీ రోడ్డులోనో చెన్నై పుదుపేటలోనో దొరుకుతాయి. దొరకనివి అద్దాలు, క్రోమ్ పట్టీలు, మీటర్లు, బ్యాడ్జీలు. అవి బండికి ఉన్నాయా అని ముందు చూడు, లేకపోతే ధర దించు. అల్లాయ్ చక్రాలు, పవర్ స్టీరింగు వేయించాలనుకుంటే వేయించు, నీ బండి నీ ఇష్టం. విప్పిన ప్రతి ముక్కనూ బోల్టులతో సహా పెట్టెలో పెట్టి చీటీ రాసి దాచు. రేపు కొనేవాడు ఆ పెట్టె అడుగుతాడు.

ఆదివారం పొద్దున ఏడింటికే పో, ఎండ ఎక్కితే బానెట్ మీద చెయ్యి పెట్టలేవు. అంబాసిడర్ కింద పడుకుని నాలుగు ఫొటోలు తీసి పంపు, ఆర్.సి. రెండు వైపులా. చూసి బేరం ఎంతలో మొదలుపెట్టాలో చెప్తా.

మీ మామ